కమ్మలు తుడిచే గుడ్డతో పళ్ళు

జనం మాస్కులు తీసేసి మళ్ళీ ఒకరి మూతి ఒకరు చూసుకోవడం మొదలుపెట్టిన ఏడాది, వేసవి సెలవులకు ముందు, నన్ను పళ్ళ వరస సరిచేసే విభాగానికి మార్చారు. చెన్నై పురసవాక్కంలో ఒక ధర్మసంస్థ నడిపే దంత వైద్యశాల మాది. అంతకుముందు చాలాకాలం కింది అంతస్తులో గార తీసే గదిలో పనిచేశాను. నా హోదా డెంటల్ హైజీనిస్ట్. ఆ మాటకు మా రోగులకు నోరు తిరగదు. కొందరు డాక్టరమ్మా అంటారు, కొందరు సిస్టర్ అంటారు. నేను రెండూ కాను. డిప్లొమా చదివి, డాక్టరు పర్యవేక్షణలో పళ్ళ మీద గార తీయడం, పాలిష్ పెట్టడం, నోరు శుభ్రంగా ఉంచుకోవడం నేర్పడం మా పని. మేం పన్ను పీకకూడదు, మందు రాయకూడదు, జబ్బు పేరు చెప్పకూడదు. తిట్టవచ్చా లేదా అన్నది మాత్రం నిబంధనల్లో ఎక్కడా లేదు కాబట్టి నేను తిట్టేదాన్ని.

కొత్త విభాగంలో నాకు అప్పగించింది శనివారం తరగతి. పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న హైస్కూలు పిల్లలు నెలకోసారి తీగ సరిచేయించుకోవడానికి వస్తారు. డాక్టరు కుర్చీ ఎక్కేముందు వాళ్ళందరినీ ఒక గదిలో పోగుచేసి తోముకోవడం నేర్పాలి. పైకి దాని పేరు ‘నోటి ఆరోగ్య బోధన’. పిల్లలు పెట్టిన పేరు ‘పాచి క్లాసు’. నాకూ అదే బాగుండేది.

ఆ ఏడాది పిల్లల హుషారు సంగతి చెప్పాలి. వాళ్ళలో చాలామంది మాస్కు చాటున ఎవరికీ కనబడదు కదా అని ధైర్యంగా క్లిప్పులు వేయించుకున్నవాళ్ళు. మాస్కులు పోయేసరికి అందరి గుట్టూ ఒకేసారి బయటపడింది. మా గదిలోకి రాగానే అందరి నోళ్ళలోనూ అదే ఇనుము చూసి వాళ్ళకు ఎక్కడలేని సంబరం. ఒకరు నవ్వితే అందరూ నవ్వేవాళ్ళు, ఎందుకని అడిగితే మళ్ళీ నవ్వేవాళ్ళు. ఇంతమంది ఇంత నవ్వుతుంటే తిట్టడం ఎంత కష్టమో ఆ గదిలోనే నాకు తెలిసింది.

క్లిప్పు అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. ప్రతి పన్ను ముఖం మీద చిన్న లోహపు బిళ్ళ అతికిస్తారు. దాన్ని బ్రాకెట్ అంటాం. బిళ్ళల గాడిలోంచి ఒక తీగ పోతుంది. తీగ జారకుండా బిళ్ళకొకటి చొప్పున రంగు రబ్బరు ఉంగరం తొడుగుతారు. తీగ నెమ్మదిగా పళ్ళను లాగి వరసలో పెడుతుంది. అంతా బాగానే ఉంది కానీ, బిళ్ళ చుట్టూ, తీగ కింద, అన్నం మెతుకు మొదలుకొని చాక్లెట్ దాకా దాక్కోవడానికి బోలెడు సందులు. అక్కడ పాచి నిలిచిపోతే చిగురు వాచి రక్తం వస్తుంది, పన్ను మీద తెల్ల మచ్చ పడుతుంది. చివరికి క్లిప్పు తీసేనాటికి పళ్ళు చక్కగా వరసలో ఉంటాయి, ప్రతి పన్ను మీదా సున్నం చుక్క పెట్టినట్టు మచ్చ ఉంటుంది. ఆ మచ్చ తోమితే పోయేది కాదు.

పాచి కంటికి సరిగ్గా కనబడదు. అందుకని ఒక గులాబీ రంగు మందు వాడతాం. ముందు పెదాలకు వ్యాసలీన్ రాస్తాం, తర్వాత దూదితో పళ్ళకు రంగు పూసి పుక్కిలించమంటాం. శుభ్రంగా ఉన్న పన్ను తెల్లగానే ఉంటుంది. పాచి ఉన్నచోట రంగు పట్టుకుని కూర్చుంటుంది. పొద్దున్నే బాగా తోముకుని వచ్చావా అంటే ‘ఆమాం మిస్’, అవునని గొంతెత్తి చెప్పినవాడి నోరు ఒక్క నిమిషంలో రోజామిల్క్ తాగినట్టు తయారయ్యేది. వాడు అద్దంలో చూసుకుని కెవ్వుమనేవాడు, పక్కవాడు వాణ్ణి చూసి కింద పడి దొర్లేవాడు, తీరా తన వంతు వచ్చాక తనదీ అదే కథ. మొదట్లో ఫోన్లలో ఫోటోలు తీసుకోవద్దని గద్దించాను. తర్వాత మానేశాను. ఆ ఫోటోలు చూపించుకోవడం కోసమే మరుసటి నెల ఒక్కరూ ఎగ్గొట్టకుండా వస్తున్నారని అర్థమైంది.

ఈ గుంపులో భార్గవి అనే అమ్మాయి ఉండేది. పదో తరగతికి వెళ్ళబోతోంది. వాళ్ళది తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళ కుటుంబం, నగల వ్యాపారం. పాత దుకాణం ఉత్తర మద్రాసులో, కొత్తది టి. నగర్‌లో. నవ్వు మొదలైతే ఆగని పిల్ల. అలాంటి పిల్ల క్లిప్పు వేయించుకోకముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేదట. పైవరసలో కోరపన్ను దిగకుండా చిగురులో ఎత్తున ఉండిపోవడమే కారణం. డాక్టర్ వైదేహి గారు ఆ పన్నుకు గొలుసు కట్టి తీగతో కొంచెం కొంచెంగా కిందికి దించుతున్నారు. సగం దూరం దిగింది.

డాక్టర్ వైదేహి మా విభాగానికి అధిపతి. మంచి మనిషి, కానీ ఒక విషయంలో కచ్చితం. ఎన్నిసార్లు చెప్పినా నోరు శుభ్రం చేసుకోని పిల్లలకు క్లిప్పులు మధ్యలోనే తీసేసేవారు. అది శిక్ష కాదు. పాచి పట్టిన నోట్లో తీగ ఉంచితే మేలు కన్నా కీడు ఎక్కువ. భార్గవిని ఆవిడ నెలనెలా హెచ్చరిస్తూనే ఉన్నారు. రంగు పూసిన ప్రతిసారీ ఆ పిల్ల బిళ్ళల చుట్టూ గులాబీ గట్లు. చిగుళ్ళు ఉబ్బి కొన్నిచోట్ల బిళ్ళల మీదికే పాకాయి. చివరికి డాక్టరు నన్ను పిలిచి, వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే తీసేద్దాం సుగుణా, ముందే ఇంట్లోవాళ్ళకు చెప్పు అన్నారు.

భార్గవికి చెప్పాను. అంతసేపూ ఇకిలిస్తున్న పిల్ల ఠక్కున ఆగిపోయింది.

“సగంలో తీసేస్తే నా పన్ను ఆడనే నిల్చిపోతుందా మిస్?” అంది.

“ఆడనే నిల్చిపోతుంది. మళ్ళీ ఎప్పుడు వేస్తారో డాక్టరు కూడా చెప్పలేరు,” అన్నాను.

“నేను రోజూ శుభ్రం చేసుకుంటా ఉండా మిస్. సత్తియంగా.”

సత్యం అని ఒట్టేసేవాళ్ళను నేను అప్పటికి చాలామందిని చూశాను. అయినా ఈ పిల్ల ముఖంలో దొంగచూపు లేదు. ఇంట్లో ఎలా చేస్తావో అలాగే ఈడ చేసి చూపించు అని చేతికి అద్దం ఇచ్చాను. తరగతి అంతా చుట్టూ మూగింది.

భార్గవి బ్రష్ తీసుకోలేదు. సంచీలోంచి వెల్వెట్ సంచీ ఒకటి తీసింది. నగలు పెట్టి ఇస్తారే, అలాంటిది. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన మల్లు గుడ్డ తీసింది. గుడ్డ కొసను వేలికి చుట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క బిళ్ళనూ మెల్లగా తుడవడం మొదలుపెట్టింది. నీళ్ళు లేవు, పేస్టు లేదు. పైవరస, కిందివరస, ఒక్క బిళ్ళను కూడా వదలకుండా ఎంతో శ్రద్ధగా తుడిచింది. లోహం ధగధగా మెరిసిపోతోంది. దాని చుట్టూ పాచి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

తర్వాత హారిక అనే అమ్మాయి, షోళింగనల్లూరు కంప్యూటరు ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ పిల్ల, విజయవాడ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు, నెమ్మదిగా అడిగింది: “అదేంటే, పళ్ళకు దిష్టి తీస్తున్నావా?” ఇంకేముంది, అందరూ పగలబడి నవ్వారు. భార్గవి కూడా గుడ్డ వేలికి చుట్టుకునే నవ్వింది.

విషయం ఏమిటంటే, బ్రష్ పెట్టకూడదని వాళ్ళ అవ్వ ఆజ్ఞ. వాళ్ళ ఇంట్లో రాళ్ళ నగలకు ఒక పద్ధతి ఉంది. పాతకాలపు కెంపుల కమ్మల్లో రాయి వెనక లక్క నింపి, తళుకు కోసం రేకు పెడతారు. తడి తగిలితే రేకు నల్లబడుతుంది, బ్రష్ పెట్టి రుద్దితే రాయి కదులుతుంది. కాబట్టి పొడిగా, మెత్తటి గుడ్డతో తుడవాలి. భార్గవి పళ్ళ మీద వరసగా అతికించిన బిళ్ళలు చూసి అవ్వ ఇదీ పొదగడమే అని తేల్చేసింది. అంతే, నగలు తుడిచే గుడ్డల్లోంచి ఒకటి మనవరాలికి ఇచ్చింది. తల్లీ తండ్రీ పొద్దున పోతే రాత్రికి గానీ దుకాణం నుంచి రారు. ఇంట్లో అవ్వ మాటే మాట. పిల్ల ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది.

ఇక చూడండి ఆ పిల్ల చిక్కు. తోమకపోతే డాక్టరు క్లిప్పు తీసేస్తారు. తోమితే అవ్వ తీయించేస్తుంది. అవ్వ ఆ మాట కూడా అనేసిందట, ఒక్క బిళ్ళ కదిలినా మొత్తం పీకించేసి తీసుకొచ్చేస్తా అని. నాకు డాక్టరు మీద కోపం రాలేదు, పిల్ల మీదా రాలేదు. ఎప్పుడూ చూడని ఆ అవ్వ మీద మాత్రం వచ్చింది. వచ్చే నెల మీ అవ్వను తీసుకురా అన్నాను. రాకపోతే నేనే మీ ఇంటికి వస్తా అని కూడా అన్నాను.

చెప్పినట్టే మరుసటి నెల అవ్వ వచ్చింది. పేరు కామాక్షమ్మ. పట్టుచీర, ముక్కుకు రెండువైపులా రవ్వలు, చేతిలో తోలు సంచీ, వెనకాల డ్రైవరు మోస్తున్న స్టీలు డబ్బా. డబ్బా నా బల్ల మీద పెట్టించి, “ఈడ పనిచేసేవాళ్ళందరికీ మురుకులు. నా చేత్తో చేసినవి,” అంది. తర్వాత కుర్చీలో కూర్చుని, నన్ను కిందనుంచి మీదికి చూసి, “నువ్వేనా అమ్మా, బిడ్డ నోట్లో బ్రష్ పెట్టి రుద్దమంటా ఉండేది?” అంది. తగవుకు వచ్చిన మనిషి పలహారం తెచ్చి మరీ మొదలుపెట్టడం నాకు నచ్చింది.

పక్క గదిలో డాక్టరు తన ట్రే సర్దుకున్నారు. బ్రాకెట్లు పీకే పట్టకారు అందులో పైనే ఉంది. ఆ రోజు భార్గవి నోరు చూశాకే ఏ సంగతైనా తేలేది.

నేను వాదించలేదు. మా దగ్గర బోధనకు పళ్ళ నమూనా ఒకటి ఉంటుంది, నోరంత పెద్దది, దానికీ నిజమైన బ్రాకెట్లే అతికించి ఉంటాయి. అది కామాక్షమ్మ చేతికిచ్చి, అమ్మా, మీకు చేతనైతే ఒక్క బిళ్ళ ఊడదీయండి అన్నాను. ఆవిడ సంచీ తెరిచి, కంటికి బిగించుకునే భూతద్దం తీసింది. నగల వాళ్ళు రాయిలో లోపం వెతికే అద్దం. అది కంటికి తగిలించుకుని బిళ్ళను నాలుగు వైపులా పరీక్షించింది. గోటితో గీకింది. తల్లోంచి పిన్ను తీసి పొడిచింది. బ్రష్‌తో గిన్నె తోమినట్టు తోమింది. పిల్లలు రెండు జట్లయ్యారు. ‘అవ్వా, విడాదే’ అని ఒక జట్టు, ‘బిళ్ళా, విడాదే’ అని ఒక జట్టు. వదలొద్దని తమిళంలో ఇంత గోల. ఆవిడకు చెమట పట్టింది గానీ బిళ్ళ కదల్లేదు.

అయినా ఒప్పుకుంటుందా? భూతద్దం తీసి తాపీగా, “ఇది పొడి బొమ్మ. బిడ్డ నోరు తడి. ఆడ ఎట్ల ఉంటాదో ఎవరికి తెలుసు?” అంది.

నిజం చెప్పాలంటే అది సరైన ప్రశ్న. పనితనం తెలిసిన మనిషి మాత్రమే అడగగలిగేది. అందుకని భార్గవిని కుర్చీలో కూర్చోబెట్టాను. చేతులకు తొడుగులు వేసుకుని, క్లిప్పు ఉన్నవాళ్ళు ఎలా తోముకోవాలో అవ్వ కళ్ళ ముందే చేసి చూపించాను. బ్రష్‌ను బిళ్ళ పైఅంచున ఏటవాలుగా ఆనించి చిగురు వైపు చిన్న చిన్న సున్నాలు చుట్టడం, తర్వాత బిళ్ళ కిందిఅంచు నుంచి అలాగే, ఆ తర్వాత తీగ కింద దూరే సన్నని బ్రష్‌తో సందు సందూ. చెబుతూ, రుద్దుతూ, పైవరస అయింది. కామాక్షమ్మ భూతద్దంతో నా చేతి పక్కనే ముఖం పెట్టి చూస్తోంది. ఆవిడ ఊపిరి నా చెవికి తగులుతోంది. కిందివరస ఎడమవైపు పక్కపన్ను దగ్గరికి వచ్చాను.

రబ్బరు ఉంగరం తెగి, బిళ్ళ ఊడి భార్గవి నాలుక మీద పడింది.

దాన్ని పట్టకారుతో తీసి దూది మీద పెట్టాను. కామాక్షమ్మ భూతద్దం మడిచి సంచీలో పెట్టుకుంది. “చూసినావా అమ్మా. చెప్తే వింటిరా? డాక్టరమ్మను పిలువు. ఉన్నవన్నీ తీసేయమని చెప్పు. పడుకున్నప్పుడు ఊడి కడుపులోకి పోతే ఎవరు జవాబు?” అంది. ఆవిడ గొంతులో గెలుపు లేదు, భయమే ఉంది. అది విన్నాక నాకు తిట్టడానికి నోరు రాలేదు.

తోమితే బిళ్ళ ఊడదని నాకు తెలుసు. కానీ ఊడిన బిళ్ళ ఎదురుగా పెట్టుకుని ఊడదని ఎలా చెప్పను? లేచి డాక్టరు గది వైపు అడుగు వేశాను కూడా.

“అవ్వా,” అంది భార్గవి. కుర్చీలో వెనక్కి వాలి, మెడకు తుండు కట్టుకుని ఉంది. “అది ఇప్పుడు ఊడలేదు. ముందే ఒదులై ఉండింది.”

“ఎప్పుడు?”

“నాలుగైదు రోజులైంది. నాలికతో కదిలిస్తే కదలతా ఉండింది. చెప్తే నువ్వు తీయించేస్తావని చెప్పలేదు.”

“ఎట్ల ఒదులైంది?”

భార్గవి తేలు కుట్టిన దొంగలా కళ్ళు పక్కకు తిప్పింది. ఆ చూపు నా బల్ల వైపు పోయింది. తరగతి మొత్తం ఆ చూపు వెంబడే తల తిప్పింది. బల్ల మీద స్టీలు డబ్బా ఉంది.

“నీ మురుకు కొరికినప్పుడు,” అంది.

కామాక్షమ్మ ముఖం చూడాలి. బిళ్ళ ఊడినప్పుడు కూడా ఆవిడ అంత నొచ్చుకోలేదు. “నా మురుకా? నా మురుకు నోట్లో వేసుకుంటే వెన్న మాదిరి కరిగిపోతాది. మా వీధిలో ఎవరినైనా అడుగు,” అంది.

అడగడానికి వీధి దాకా పోవడం ఎందుకు? డబ్బా మూత తీసి ఒక మురుకు చేతిలోకి తీసుకున్నాను. పనిముట్లు పెట్టే స్టీలు ట్రే అంచుకు తట్టాను. ఠంగుమంది. ఇంకోసారి గట్టిగా తట్టాను. ట్రే మోగింది, మురుకు చెక్కుచెదరలేదు. హారిక వచ్చి ఒకటి తీసుకుని, “మేడం, మా ఇంట్లో వీటిని జంతికలంటారండి. కానీ ఇలా మోగవండి,” అంది. తలా ఒకటి అందుకున్నారు. దొరికిన ట్రే మీదల్లా, కిటికీ చువ్వల మీద, ఆక్సిజన్ సిలిండరు మీద కూడా తట్టి చూశారు. పక్క వార్డులో పెళ్ళి మేళం దిగిందనుకుని ఉంటారు.

“ఇట్ల ఇయ్యి,” అని కామాక్షమ్మ నా చేతిలోది లాక్కుని తానే కొరికింది. ఆవిడవన్నీ సొంత పళ్ళే, గట్టివే. దవడ ఒకసారి కదిలి ఆగింది. చెయ్యి చెంప మీదికి వెళ్ళింది. మేమందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఆవిడ నోట్లోది చాలాసేపు చప్పరించి, చివరికి అటూ ఇటూ చూసి, “ఈ తడవ వెన్న తక్కువైంది,” అంది.

ఆ మాట అనడమే తడవు, భార్గవి కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వింది. ఊడిన బిళ్ళ చోటు, వాచిన చిగుళ్ళు, సగం దిగిన కోరపన్ను, అన్నీ కనబడేలా నవ్వింది. అది చూసి పిల్లలు, పిల్లలను చూసి నేను. నాకు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ పొట్ట పట్టుకుని కూర్చోవలసి వచ్చింది ఆ ఒక్కరోజే. కామాక్షమ్మ కాసేపు బిగుసుకుని చూసింది. తర్వాత పట్టుచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. ‘బిడ్డకు బ్రష్ వద్దని కాపలా కాస్తిని, దాని చేతికి ఇనపముక్క నేనే ఇస్తిని’ అని తనలో తాను అనుకుంటూ మళ్ళీ మళ్ళీ నవ్వింది.

ఈ మోతకు డాక్టర్ వైదేహి పక్క గదిలోంచి వచ్చారు, చేతిలో ట్రేతో సహా. ఏం జరిగిందో ఐదారుగురు ఒకేసారి చెప్పారు. ఆవిడ అంతా విని, ఊడిన బిళ్ళను చూసి, ఒక మురుకు తీసుకుని రెండు చేతులతో విరవబోయారు. విరగలేదు. బ్రాకెట్లు పీకే పట్టకారు అందుకుని మురుకును అందులో పెట్టి నొక్కారు. అది ఫట్టుమని విరిగి ఒక ముక్క గోడకు తగిలింది. “ఈ రోజుకు దీంతో పని అయిపోయింది,” అని తమిళంలో అంటూ పట్టకారును పక్కన పెట్టేశారు. భార్గవికి ఇంకో నెల గడువు దొరికింది.

ఊడిన బిళ్ళను డాక్టరు అప్పుడే మళ్ళీ అతికించారు. పన్ను ఆరబెట్టి, ఒక జెల్ పూసి కడిగి, జిగురుతో బిళ్ళ పెట్టి, నీలం వెలుగు చూపించి గట్టిపరుస్తారు. కామాక్షమ్మ అనుమతి అడిగి, కళ్ళకు మా రంగు అద్దాలు పెట్టుకుని దగ్గరగా నిలబడి చూసింది. లక్క అయితే నిప్పు సెగ కావాలి, మీది వెలుగుకే గట్టిపడతా ఉండాదే అని ఆశ్చర్యపోయింది. ఈ జిగురు బజార్లో దొరుకుతుందా అని కూడా అడిగింది. డాక్టరు లేదన్నారు. కమ్మలకు వాడతారో ఏమోనని మాకు భయం.

పిల్లలు ఊరుకోకుండా అవ్వకూ రంగు పూయాలని పట్టుబట్టారు. పుయ్యండి, నాకేం భయం, నేను పుట్టినప్పటి నుంచి పళ్ళపొడితోనే తోముతా ఉండా అంది. పూశాను. వెనకపళ్ళ సంగతి చెప్పకపోవడమే మేలు. ఆవిడ అద్దంలో చూసుకుని, “అయితే నాకూ ఒక బ్రష్ ఇయ్యి,” అంది. ఎంత కడిగినా నాలుక మీద గులాబీ పోలేదు. అక్కడినుంచి తిన్నగా టి. నగర్‌లో బంధువుల ఇంట నిశ్చితార్థానికి వెళ్ళవలసి ఉందట. అడిగినవాళ్ళందరికీ వక్కాకు వేసుకున్నానని చెప్పిందని తర్వాత భార్గవి చెప్పింది.

ఆ నెలంతా ఆ ఇంట్లో ఏం జరిగిందో కూడా భార్గవే చెప్పింది. మురుకుల గొట్టం అటకెక్కింది. పొద్దునా రాత్రీ పిల్ల తోముకుంటుంటే అవ్వ పక్కన నిలబడేది. అయ్యాక వెలుతురులోకి తీసుకెళ్ళి, భూతద్దం పెట్టి, రాయి చూసినట్టు పన్ను పన్నూ చూసేది. ఎక్కడైనా మెతుకు కనబడితే మళ్ళీ మొదటి నుంచి తోమించేది. “ముందే నయం మిస్. ఇప్పుడు చచ్చిపోతా ఉండా,” అంది భార్గవి. అంటూనే నవ్వింది. చిగుళ్ళ వాపు తగ్గిపోయింది.

మరుసటి నెల కామాక్షమ్మ కూడా వచ్చింది. భార్గవి కుర్చీ ఎక్కింది. వ్యాసలీన్ రాసి, రంగు పూసి, పుక్కిలించమన్నాను. డాక్టరు వచ్చేలోపు నేను కూడా చూడకూడదని పద్ధతి, పాచి ఎంతుందో తేల్చేది ఒక్కరే కావాలి. ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, కుర్చీ చేతులు పట్టుకుని పడుకుంది. నవ్వు అనేదే లేదు ముఖంలో.

డాక్టర్ వైదేహి అద్దం పెట్టి చూశారు. పైవరస తెలుపు. కిందివరస తెలుపు. బిళ్ళల చుట్టూ చూశారు, తీగ కింద చూశారు. తలెత్తి ఏదో చెప్పబోతుంటే కామాక్షమ్మ కంటికి భూతద్దం బిగించుకుని మధ్యలోకి వంగింది.

“నిలువమ్మా. అట్ల వదిలేస్తే ఎట్ల? ఆ చివరి పన్ను ఎనకాల చూడు. ఈడ కొంచెం ఉండాది,” అంది.

భార్గవి కళ్ళు తెరిచి, నోరంతా తెరిచి ఉండగానే “అవ్వా” అని అరిచింది. సొంత మనవరాలి మీద చాడీ చెప్పిన అవ్వను నేను అప్పటిదాకా చూడలేదు. డాక్టరు అద్దం తిప్పి చూశారు. నిజమే, చివరి దంతం వెనక ఆవగింజంత గులాబీ ఉంది. ఆవిడ దాన్ని చూసి, కామాక్షమ్మను చూసి, నా వైపు తిరిగి, లావు తీగ తీయి సుగుణా, తర్వాతి దశకు పోదాం అన్నారు. లావు తీగ అంటే పన్నును మిగిలిన సగం దూరం దించే తీగ. క్లిప్పు ఉంటుందని అర్థం. అది భార్గవికి వెంటనే తెలియలేదు. నేను చెప్పాను. ఆ పిల్ల అవ్వ మెడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది, తీగ మార్చడానికి డాక్టరు చాలాసేపు ఆగవలసి వచ్చింది. కోరపన్ను తర్వాత వరసలోకి వచ్చింది, క్లిప్పు తీసినప్పుడు ఒక్క తెల్ల మచ్చ లేదు.

ఆ తర్వాత నేను పదవీ విరమణ చేసేదాకా పాచి క్లాసు చెప్పాను. రోజుకు ఎన్నిసార్లు తోముతారని అడగడం మాత్రం మానేశాను. దానికి అందరూ ఒకటే జవాబు చెబుతారు. తోమితే ఏమౌతుందని భయపడుతున్నారు, ఆ భయం ఎవరు పెట్టారు అని అడిగేదాన్ని. ఏదో ఒకటి బయటికి వచ్చేది. తీగ తెగుతుందని ఒకరు, చిగురు నుంచి రక్తం వస్తే తోమడం ఆపాలని ఒకరు. ఇది నాకు నేర్పింది ఒక్కటే. పాచి పట్టిన నోళ్ళన్నీ బద్ధకం వల్ల పట్టినవి కావు, కొన్ని మరీ జాగ్రత్త వల్ల పట్టినవి. బద్ధకస్తులను తిడితే కొందరైనా మారతారు. జాగ్రత్తపరులను తిడితే ఇంకా జాగ్రత్తపడతారు.